శర్కర సంచారము

తెలుగువాడు చక్కెర అన్నప్పుడు తీపిని తలచును. షుగరు అన్నప్పుడు వైద్యుని తలచును. పెండ్లివిందులో ఆకు ముందు కూర్చున్న పెద్దమనిషి లడ్డుకు చేయి అడ్డము పెట్టి "షుగరండీ" అన్నచో, వడ్డించువాడు మారుమాటాడక ముందుకు సాగిపోవును. ఆ మాటకు అర్థమేమని అడుగువాడు ఈనాడు కుగ్రామమునందు సైతము లేడు. ఒకే వస్తువు పేరు రెండు వేషములు ధరించి, ఒకే నాలుకపై నిలిచి, ఒకటి వంటింటికిని వేరొకటి ఆసుపత్రికిని చెందినట్లు మెలగుచున్నది. ఈ రెండును ఏకోదరములు. అందు మొదటిది ఇల్లు కదలక ప్రాకృతపు మెట్టు దిగి మన భాషలోనికి వచ్చినది. రెండవది అదే గడపనుండి బయలువెడలి, పారసీకుల వాకిట ఆగి, అరబ్బుల ఓడలెక్కి, సిసిలీ ద్వీపమున దిగి, ఫ్రాన్సు మీదుగా ఇంగ్లాండు చేరి, వేయి సంవత్సరములకు పైబడిన దేశాటనము ముగించుకొని, దొరల భాషతో మరల మన ఇంటికి వచ్చినది. అందుచేతనే కాబోలు, మనము దానిని గుర్తుపట్టలేదు.

సంస్కృతమున శర్కర యనగా మొదట తీపి గాదు, రాయి. గులకరాయి, కంకర, అన్నములో వచ్చి పంటిక్రింద కరకరలాడు ఇసుకపలుకు, ఇవి దాని ప్రాచీనార్థములు. అథర్వవేదమున ఆ మాట ఈ అర్థముననే కానవచ్చును. శతపథ బ్రాహ్మణమున అగ్న్యాధానమును చెప్పుచోట, అగ్నిని నిలుపు స్థలమునకు చేర్పవలసిన సంభారములలో నీరు, బంగారము, చవిటిమన్ను, ఎలుక త్రవ్విపోసిన మన్ను, వీనితోపాటు శర్కరలును పేర్కొనబడినవి; పూర్వము తామరాకువలె గాలికి అల్లలాడుచుండిన ఈ భూమిని, మేకులు కొట్టి తోలును బిగించినట్లు, దేవతలు శర్కరలతో బిగించి స్థిరపరచిరని అచట ఒక చక్కని ఉపాఖ్యానము. ఆయుర్వేదమున మూత్రాశయములో పుట్టు రాతిపలుకులకును శర్కర యనియే పేరు. అనగా నేటి షుగరు వ్యాధికి వేల యేండ్ల మునుపే శర్కర ఒక వ్యాధి పేరుగా ఉండినది. కాని ఆ వ్యాధి వేరు, ఆ శర్కర వేరు. భాష ఇట్టి పరిహాసములను ఎవరి అనుమతియు లేకయే చేయుచుండును.

రాయికి చెల్లిన పేరు తీపికెట్లు చెల్లినది? ఇది నిఘంటువులలో వెదకిన తేలునది గాదు. పొయ్యి దగ్గర నిలుచుండి చూచిన తెలియును. చెరకును గానుగాడి, ఆ రసమును వెడల్పైన పెనములో పోసి, సున్నపుతేట వేసి, పైకి తేలు తెట్టును తీసివేయుచు, పాకము ముదురువరకు కాచి, అచ్చులలో పోసి ఆరనిచ్చినచో అది బెల్లము. అనకాపల్లి సంతలో దిమ్మలు దిమ్మలుగా పేర్చి అమ్మునది అదియే. దానికి రుచి కలదు, వాసన కలదు, బలము కలదు. కాని పలుకు లేదు. పలుకు కట్టింపవలెనన్న వేరొక ఓర్పు కావలెను. పాకమును మరికొంత పలుచగా దింపి, కుండలలో నింపి, దినముల తరబడి కదల్పక ఉంచినచో, అందులో చిన్న చిన్న స్ఫటికములు పుట్టును. ఆ ముద్దను గంపకెత్తి, పైన చెరువులోని తడినాచును పరచినచో, నాచునుండి మెల్లగా దిగు తేమ పలుకులనంటిన మడ్డిని కడుగుచు అడుగునుండి జారిపోవును, పైపొర తెల్లబారును. తెల్లబారినంతమేర గీరి తీసి, మరల క్రొత్త నాచు పరచి, మరల గీరి, అట్లు వచ్చినదానిని ఎండలో ఆరబోసినచో, కంటికి ఇసుకవలెను, చేతికి కంకరవలెను, నాలుకకు మాత్రము అమృతమువలెను ఉండు పదార్థమొకటి రాశి పడును. దానిని మొదట చేతబట్టినవాడు శర్కర యనక మరేమనును?

ఈ మెట్టులన్నియు మనవారికి ఎంత పూర్వమే తెలియునో కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని ప్రకరణమే సాక్షి. చెరకునుండి వచ్చు సరుకును అతడు ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అని అయిదుగా విభజించినాడు. ఫాణితము నీళ్ళపాకము, గుడము బెల్లము, మత్స్యండిక పలుకు పొడసూపుచున్న దశ, చేపగ్రుడ్లవలె ఉండుటచే ఆ పేరని వ్యాఖ్యాతల మాట, ఖండము ముక్కగా కట్టినది, శర్కర కడపటి శుద్ధి. ఈ అయిదింటిలో నాలుగవదియు అయిదవదియు దేశాంతరములకు పోయి ఇంగ్లీషు నిఘంటువులో స్థిరనివాసమేర్పరచుకొన్నవి. నాలుగవదాని సంగతి తరువాత.

పండితుల సంస్కృతము శర్కర అనగా జనుల నాలుక దానినట్లే ఉంచలేదు. ప్రాకృతములలో రేఫము తన తరువాతి హల్లులో లీనమై ద్విత్వమగుట సామాన్యము. ధర్మము ధమ్మమైనట్లే, శర్కర సక్కర అయినది, పాలీలో సక్ఖర అయినది. తెలుగున చక్కెర, కన్నడమున సక్కరె, మలయాళమున చక్కర, ఇవి ఆ ప్రాకృతపు పాయనుండి తోడుకొన్న నీళ్ళే. సర్కారు జిల్లాలవారు వాడు పంచదార వేరు కుదురునకు చెందినది గనుక దాని జోలికి ఇప్పుడు పోము. ఇచట గమనింపవలసినదేమనగా, విదేశీయులు మన రేవులకు వచ్చి విన్నది యజ్ఞశాలలోని శర్కర గాదు, అంగడిలోని సక్ఖర.

గ్రీకులు ఈ తీపిని మొదట ఎరుగుదురు గాని దాని పేరెరుగరు. క్రీ.పూ. 4వ శతాబ్దిలో అలెగ్జాండరు సేనతో సింధుతీరమునకు వచ్చిన నౌకాధిపతి నియార్కస్, ఈ దేశమున తేనెటీగలు లేకయే రెల్లు తేనెనిచ్చునని వ్రాసినట్లు స్ట్రాబో తన భూగోళ గ్రంథమున చెప్పినాడు. ఈగ లేని తేనె! ఆశ్చర్యమునకు ఇంతకన్న సూటియైన వర్ణన దొరకదు. అటుపిమ్మట మూడు నాలుగు శతాబ్దములకు పేరును వినవచ్చినది. క్రీ.శ. 1వ శతాబ్దినాటి వైద్యుడు డయాస్కరిడీస్, భారతదేశమునను సుఖ అరేబియాయందును రెల్లులలో గడ్డకట్టిన తేనెవంటిది ఒకటి కలదనియు, ఉప్పువలె పలుకులై పంటిక్రింద నలుగుననియు, దాని పేరు సాక్ఖరోన్ అనియు వ్రాసెను. అదే కాలపు రోమను పండితుడు ప్లినీ, అరేబియా సరుకుకన్న భారతీయపు సరుకు మేలైనదనియు, అది ఔషధమునకు మాత్రమే ఉపయోగపడుననియు చెప్పినాడు. పేరు తెలియని వర్తకుడొకడు వ్రాసిన ఎర్రసముద్రపు నౌకాయాన గ్రంథము పెరిప్లస్‌లో, బరుకచ్ఛమునుండి ఆఫ్రికా తీరమునకు పోవు ఓడలలో బియ్యము, నెయ్యి, నువ్వులనూనె, నూలుబట్టలతోపాటు సాక్ఖరి యను రెల్లుతేనెయు ఉన్నది.

డయాస్కరిడీస్ చూచినది నిజముగా చక్కెరయేనా, లేక వెదురుబొంగుల లోపల గట్టిపడు వంశలోచనమా యని 17వ శతాబ్దినుండియు పండితులలో వాదము కలదు. వస్తువు ఏదైనను కానిండు, పేరు మాత్రము మనదే; దానికి సాక్ష్యము ఆ పేరులోనే ఉన్నది. గ్రీకు లిపిలో ఆ మాట నడుమ కప్పా యను అల్పప్రాణమును, దాని వెంటనే ఖీ యను మహాప్రాణమును కలవు. పాలీలోని సక్ఖరయందు ద్విత్వమున మొదటిది అల్పప్రాణము, రెండవది మహాప్రాణము. లేఖకుడు తన చెవిని నమ్మి, తాను విన్నదానిని విన్నట్లు రెండక్షరములుగా వ్రాసికొన్నాడు. సంస్కృత శర్కరయందున్న రేఫము అందు లేకపోవుటయు, ప్రాకృతపు మహాప్రాణము ఉండుటయు చూచినచో, ఆ మాటను అతని సీమకు చేర్చినది పండితుడు గాడు, బేరగాడని ఘంటాపథముగా చెప్పవచ్చును.

ఇక రెండవ దారి భూమార్గము. వాయవ్య సీమలోని గాంధారీ ప్రాకృతము, తక్కిన ప్రాకృతములవలె గాక, శకార షకార సకారములను మూడింటిని వేరువేరుగ నిలుపుకొన్నది. దానికి ఇరుగుపొరుగైన పారసీకమున ఈ మాట షకర్ అని శకారపు ఛాయతోనే నిలిచినది. సాసానీయుల కాలమునకే పారసీకులకు ఈ సరుకు పరిచితము. బైజాంటియము చక్రవర్తి హెరాక్లియస్ 628 ప్రాంతమున దస్తగిర్ద్‌నందలి పారసీక రాజు ఖుస్రూ ప్రాసాదమును కొల్లగొట్టినప్పుడు దొరికిన సొమ్ములో పట్టు, మిరియము, అల్లములతోపాటు చక్కెరను గూడ చరిత్రకారుడు థియొఫానీస్ లెక్కించినాడు. కొల్లసొమ్ములో చేరినదన్నచో దాని వెల ఎంతటిదో ఊహింపవచ్చును. ఇంచుమించు ఆనాడే, 647లో, చైనా చక్రవర్తి తైసుంగ్ చక్కెర చేయు విద్యను నేర్చిరండని మగధకు దూతలను పంపెను. విద్య నేర్చిన శిష్యుడు గురువునకే పేరు పెట్టినట్లు, తరువాతి కాలమున ఉత్తరాదివారు తెల్లచక్కెరను చీనీ అనియు, పటికబెల్లమును మిసిరి అనియు, అనగా చైనాది, ఈజిప్టుది అని పిలువసాగిరి. పుట్టినింట పరదేశి పేరు!

పారసీకమును జయించిన అరబ్బులు దాని తోటలను, గానుగలను, దాని మాటను గూడ స్వీకరించిరి. షకర్ వారి నోట సుక్కర్ అయినది. ఈ ఉకారము చిన్నది. కాని ఐరోపా భాషలలో చక్కెర ఏ దారిని వచ్చినదో తెలుపు రహదారి చీటీ అదియే. ఇటాలియనున జుక్కెరో, జర్మనున జుకర్, ఫ్రెంచిన సూక్ర్, వీనియందెల్ల మొదటి అచ్చు ఉకారమో దాని ఛాయయో. ఇవి అరబ్బుల చేతిమీదుగా వచ్చినవి. రష్యనున సాఖర్, అందు అకారము. అది గ్రీకుల చేతిమీదుగా పోయినది. బాల్కను సీమలోని సెర్బులు షెచెర్ అందురు. అది పారసీకమునుండి తురుష్కుల షెకెర్ అయి, ఒట్టొమను సేనల వెంట పోయినది. ఒక్క అచ్చును బట్టి, ఒక్కొక్క జాతికి ఈ తీపిని మొదట రుచి చూపినవారెవరో చెప్పవచ్చును. రాజుల శాసనములు అబద్ధమాడవచ్చును గాని, ఎవరును పట్టించుకొనని ఇట్టి అచ్చులు అబద్ధమాడవు.

స్పెయిను, పోర్చుగలు దేశములలో మరియొక విశేషము. అచట అరబ్బులు శతాబ్దముల తరబడి ఏలిరి, తోటలు నాటిరి, ఇరుగుపొరుగై బ్రతికిరి. అరబ్బీలో నామమునకు ముందు అల్ అను ఉపపదము చేరును. సకారాదుల ముందు దాని లకారము ఆ హల్లుగనే మారును. అల్ సుక్కర్ అస్సుక్కర్ అగును. ఆ ఉపపదము ఎచట ముగియునో, అసలు పేరెచట మొదలగునో తెలియని స్పెయిను జనులు మొత్తమును ఒకే మాటగా పట్టి అసూకర్ అనిరి. నేటికిని వారికది అసూకరే. సిసిలీయందును అరబ్బులు ఏలిరి, చెరకు నాటిరి; అయినను ఇటలీవారి జుక్కెరోకు ఈ తోక అంటలేదు. పత్తి విషయమునను ఇంతే. స్పెయినుకు అల్గొదోన్, ఇటలీకి కొతోనె.

ఇంగ్లీషువారికి ఇది ఫ్రెంచివారి వంటశాలనుండి చేరినది. మొదటి మతయుద్ధమునకు సిరియా తీరమునకు పోయిన సైనికులు, 1099లో ట్రిపోలీ మైదానములలో ఆకలికి తాళలేక తీయని రెల్లును నమలి ప్రాణము నిలుపుకొనిరనియు, జనులు దానిని జుక్ర అందురనియు ఆల్బర్టు అను ఆకెన్ చరిత్రకారుడు వ్రాసెను. యుద్ధము ముగిసినను నోటికంటిన రుచి పోదు గదా. 1226లో ఇంగ్లాండు రాజు మూడవ హెన్రీ, వించెస్టరు సంతకు వచ్చిన వర్తకులయొద్ద ఒక్కసారి అంత దొరకునేని మూడు పౌన్ల అలెగ్జాండ్రియా చక్కెరను కొని పంపవలసినదని ఆ నగరపు మేయరునకు ఆజ్ఞాపించెను. మూడు పౌన్లనగా ఒక వీసెకు మించదు. నేడు ఒక సామాన్య గృహస్థు నెలసరుకులో అంతకు రెట్టింపుండును. ఒక దేశమునకు ప్రభువైనవాడు దానికొరకు, అది యైనను దొరకునో దొరకదో యను శంకతో, జాబు వ్రాయింపవలసి వచ్చినది. ఆ శతాబ్ది చివరకే ఇంగ్లీషు వ్రాతలలో ఈ మాట కానవచ్చుచున్నది. 14వ శతాబ్ది కవి చాసరు దానిని సుగ్రె అను రూపమున వాడినాడు.

ఫ్రెంచి కకారము ఇంగ్లీషున గకారమైనదేల? బాలవ్యాకరణము చదివిన తెలుగువారికి పరుషము సరళమగుట వింత గాదు. ఫ్రెంచి ఫ్లకాన్ ఇంగ్లీషున ఫ్లాగన్ అయినదియు ఇట్టిదే. ఇంతకన్న కొంటెయైనది మొదటి అక్షరపు కథ. నేటి ఇంగ్లీషున ఎస్ వ్రాసి ష పలుకుదురు గనుక, ఇది సంస్కృత శకారమే చెక్కుచెదరక చేరినదని సంతోషించు దేశాభిమానులు కొందరు కలరు. ఆ సంతోషము నిలువదు. అరబ్బులనాడే శకారము సకారమైపోయినది. చాసరు సుగ్రె యనియే పలికెను. తరువాతి కాలమున ఇంగ్లీషువారి నోట ఉకారమునకు ముందు ఒక యకారపు ధ్వని చేరి, స్యుగర్ అయి, ఆ స్య కలసిపోయి ష అయినది; నిశ్చయార్థకమైన షూర్ అను మాటయు ఈ మార్గమున పోయినదే. పోగొట్టుకొన్న శకారమును ఆ మాట ఇంగ్లాండులో తిరిగి సంపాదించుకొన్నదే గాని, తాతల ఆస్తిగా తెచ్చుకొనలేదు.

కౌటిల్యుని నాలుగవ సరుకైన ఖండము వేరొక బండి ఎక్కినది. ఖండమనగా ముక్క. అది పారసీకమున కంద్ అయి, అరబ్బీలో కందీ అను విశేషణమై, ఫ్రెంచిన సూక్ర్ మాటకు తోకగా చేరి సూక్ర్ కాందీ అయి, ఇంగ్లీషున షుగర్ క్యాండీగా కొంతకాలము జంటగా మెలగి, పిదప షుగరును వదలి క్యాండీయై మిగిలినది. మన కండచక్కెరలో ఆ జంట నేటికిని విడిపోలేదు, కాని ముందువెనుకలు తారుమారైనవి. అమెరికాలోని పిల్లలు క్యాండీ అని ఏడ్చునప్పుడు పలుకునది ఖండము. వారికి తెలియదు, వారి తల్లులకును తెలియదు, తెలియవలసిన పనియు లేదు.

రాజమహేంద్రి సీమలో రెండు తోబుట్టువులు

ఇంగ్లీషున ఈ కుటుంబమునకు మూడవ బిడ్డ ఒకటి కలదు: జాగరీ. 16వ శతాబ్దిలో పోర్చుగీసులు మలబారు తీరమున బెల్లమును కొనుచు, అచటివారి చక్కర అను మాటను జాగర అని పట్టుకొనిరి. వారినుండి ఇంగ్లీషు వర్తకులు గ్రహించిరి. ఆ పోర్చుగీసులకు ఇంటియొద్ద అస్సూకర్ అను మాట అప్పటికే కలదు. తమ నోట శతాబ్దములుగా ఉన్న మాటయే ఎదురుగా వచ్చి నిలిచినను, దానిని క్రొత్తదనుకొని రెండవసారి స్వీకరించిరి.

షుగరును జాగరీయును ఒక్కచోట కలిసికొన్న సందర్భమొకటి మన గోదావరి సీమలోనే ఉన్నది. కుంపిణీ వైద్యుడును వృక్షశాస్త్రజ్ఞుడునగు విలియం రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా ఉద్యానవనమునకు అధిపతియై పోవుటకు ముందు, సామర్లకోటయందు సుమారు పుష్కరకాలము నివసించి, ఆ ప్రాంతపు చెట్టుచేమలను పరిశీలించుచు, తెలుగు చిత్రకారులచే వాని రూపములు వ్రాయించుచుండెను. రాజమహేంద్రి జిల్లాలో రైతులు చెరకు పండించు విధమును, షుగరును జాగరీయును చేయు విధమును గూర్చి అతడొక వ్యాసము వ్రాయగా, అలెగ్జాండరు డాల్రింపుల్ దానిని తన ఓరియంటల్ రిపర్టరీలో ప్రచురించెను. వ్యాసపు శీర్షికయందే షుగరు, జాగరీ పక్కపక్కన నిలిచినవి. ఒకటి అరబ్బుల వెంట పోయి ఇంగ్లాండు మీదుగా, వేరొకటి పోర్చుగీసుల వెంట మలబారునుండి, రెండును గోదావరి గట్టుకు వచ్చి, తమకు తోబుట్టువైన చక్కెరను మాటాడు రైతు ముంగిట కూర్చున్నవి. రైతు వానిని పోల్చలేదు, దొరయు పోల్చలేదు. తరువాత దాదాపు నూరేండ్లకు, 1886లో, యూల్, బర్నెల్ పండితులు తమ హాబ్సన్ జాబ్సన్ కోశమున జాగరీ షుగరు మూలతః ఒక్క మాటయే యని స్పష్టముగా వ్రాసి ఆ చుట్టరికమును బయటపెట్టిరి.

నాలుగవ రూపము పండితుల కానుక. లిన్నేయసు 1753లో చెరకునకు సక్కరుం అఫిసినారుం అని నామకరణము చేసెను. గ్రీకుల సాక్ఖరోన్ లాటినులో పెట్టుకొన్న వేషమది, రెండవ పదమునకు ఔషధశాలలకు చెందినదని అర్థము. పిదప రసాయన శాస్త్రజ్ఞులు ఆ మాటను చేజిక్కించుకొని, తీపి ఉన్నను లేకున్నను, ఒక విధమగు అణునిర్మాణము కలవానికెల్ల శాకరైడులని పేరిడిరి. ఆ లెక్కన కాగితపు నారయు ఒక పాలీశాకరైడే. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున బొగ్గుతారునుండి వచ్చు పదార్థములపై పనిచేయుచుండిన ఫాల్‌బెర్గ్ అను రసాయనికుడు, చేతులు సరిగా కడుగుకొనక భోజనమునకు కూర్చుండగా రొట్టె వింతగా తీయనైనదట. ఆ తీపి ఎచటిదని వెదకుకొనుచు పోయి అతడు కనుగొన్నదే శాకరిన్. చెరకు గాలియైనను సోకని తారుబిడ్డకు శర్కర పేరు దక్కినది. షుగరున్నవారు షుగరు మానుకొనుటకై శాకరిన్ బిళ్ళ వేసికొనుచున్నారన్నచో, శర్కర రోగులు శర్కరను విడిచి శర్కరను సేవించుచున్నారని వ్యుత్పత్తి ప్రకారము చెప్పవలసివచ్చును.

నాలుగు రూపములు, నాలుగు చేతులు. వంటవాడు తెచ్చినది షుగరు, నావికుడు తెచ్చినది జాగరీ, పండితుడు తెచ్చినది శాకరిన్, మిఠాయివాడు తెచ్చినది క్యాండీ. ఏ చేత వచ్చినదానికి ఆ చేతి వాసన నేటికిని వదలలేదు. అయిదవ చేయి ఒకటి కలదు. అది కూలివాని చేయి. వ్యుత్పత్తి కోశములు దానిని గూర్చి మౌనము వహించును.

తోటలు

కొలంబసు 1493లో తన రెండవ యాత్రయందు చెరకు ముడుసులను కానరీ ద్వీపములనుండి పడమటి ఇండీస్‌కు కొనిపోయెను. అటుపిమ్మట అచట జరిగినది జగద్విదితము. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి నెత్తుటితో తోటలు పెరుగగా, ఒకనాడు రాజునకు దొరకని సరుకు లండను సాలెవాని తేనీటిలోనికి దిగివచ్చినది. 1791లో ఇంగ్లాండున బానిస తోటల చక్కెరను మానుకొనవలెనని ఒక ఉద్యమము లేచినది. మా గిన్నెలోనిది ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసినది గాదు అను అర్థము వచ్చు వాక్యములను అచ్చువేసిన పింగాణి చక్కెరగిన్నెలు 19వ శతాబ్ది తొలినాళ్ళలో అక్కడి ఇండ్లలో వెలసినవి. భారతదేశపు చక్కెర అట్లు ధర్మచిహ్నమైనది.

ఆ గిన్నెల రంగు వెలియకముందే కథ అడ్డము తిరిగినది. 1835లో మారిషస్ ద్వీపమున బానిసత్వము రద్దయినది. దానిని ముందే ఎరిగిన తోటల యజమానులు భారతదేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2న అట్లాస్ అను ఓడలో 36 మంది ఒప్పందపు కూలీలు పోర్టులూయీ రేవున దిగిరి. 20వ శతాబ్ది తొలినాళ్ళ వరకు సాగిన ఆ వలసలో సుమారు నాలుగున్నర లక్షలమంది ఆ చిన్న ద్వీపమున అడుగిడిరి. కోరంగి రేవునుండి, మద్రాసునుండి పోయిన తెలుగువారు అందు కలరు. 1860లో ట్రూరో అను ఓడ మద్రాసునుండి నెటాలు చెరకు తోటలకు తమిళులను, తెలుగులను కొనిపోయెను. 1903 మొదలు మద్రాసు ఓడలు ఫిజీకిని సాగినవి. మాట పోయిన దారినే, కాని మాటకున్న గౌరవము లేక, మనుష్యులును పోయిరి. వారు దిగిన పోర్టులూయీ మెట్లు, అప్రవాసి ఘాటు అను పేర, 2006లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికకెక్కినవి.

మారిషస్‌లో తెలుగువారి సంతతి నేటికిని ఉన్నది. ఉగాది అచట ప్రభుత్వ సెలవుదినము. గుడులున్నవి, సంఘములున్నవి, బడులలో తెలుగు పాఠములున్నవి. కాని ఇంటిభాష చాలవరకు క్రియోలు. అది ఫ్రెంచి యజమానుల మాటలను బానిసలు తమకు వినబడినట్లు పట్టుకొని నిర్మించుకొన్న భాష. ఫ్రెంచిన కొంత చక్కెర కావలెనన్నచో సూక్ర్ మాటకు ముందు దు అను ఉపపదము చేర్చి దు సూక్ర్ అందురు. ఉపపదమెచట ముగియునో, పేరెచట మొదలగునో వేరు చేయు అవసరము తోటలో పనిచేయువానికి లేదు. స్పెయినువారు అస్సుక్కర్‌ను పట్టినట్లే, మొత్తమును ఒకే మాటగా పట్టినాడు. గోదావరి తీరమునుండి పోయిన చెరకు కూలీ మునిమనుమడు పోర్టులూయీ అంగడిలో నిలిచి చక్కెరను అడుగునప్పుడు వాడు మాట దిసిక్.